రేకీ, పిరమిడ్, మన ఊపిరి

కడ్తాల్ దగ్గరి పెద్ద పిరమిడ్ సంగతి మన పాలమూరు వాళ్ళకు కొత్తగా చెప్పనక్కర లేదు. ఆ ఊరు 2016 దాకా మన జిల్లాలోనే ఉండె, ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో కలిసింది. పిరమిడ్లో కూర్చుంటే రోగాలు పోతాయని కొందరు, రేకీ మాస్టరు చేయి పెడితే చాలని మరికొందరు మన హాస్టల్ పిల్లలకు కూడా చెబుతుంటారు. అందుకే ఈ రెండూ ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకుందామనుకున్నాం.

రేకీ అందరూ అనుకునేంత పాతది కాదు. జపాన్‌కు చెందిన మికావో ఉసుయి (1865–1926) కురామా కొండ మీద 21 రోజులు ఉపవాసముండి ఈ శక్తిని పొందారని ఆయన స్మారక శిల మీద రాసి ఉంది. 1922లో ఆయన టోక్యోలో నేర్పడం మొదలుపెట్టారు. 1935లో హవాయి దీవుల నుంచి వైద్యం కోసం టోక్యో వెళ్ళిన హవాయో టకాటా అనే ఆమె రేకీ నేర్చుకుని అమెరికాకు తెచ్చింది. మాస్టరు కావాలంటే ఆమె తీసుకున్న ఫీజు 10,000 డాలర్లు! మన ఊళ్ళల్లో తేలు మంత్రం వేసే తాత బీడీ కట్ట కూడా పుచ్చుకోడు.

పిరమిడ్ ధ్యానం దారి వేరు. నిజామాబాద్ జిల్లా శక్కర్‌నగర్‌లో పుట్టిన సుభాష్ పత్రి (1947–2022) ఎరువుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ 1990లో కర్నూలులో ధ్యాన సొసైటీ పెట్టారు. ఫీజు లేదు, మంత్రోపదేశం లేదు, నీ కులమేందని అడిగేది లేదు. అది ఊరూరా పాకడానికి ఇదే ముఖ్య కారణమని మా అభిప్రాయం. ఉపదేశం పేరుతో తరతరాలుగా గడప బయట నిలబెట్టిన వాళ్ళకు ఈ మాట విలువ తెలుసు.

అక్కడ నేర్పేది ఆనాపానసతి, అంటే వచ్చే పోయే ఊపిరిని గమనించడం. ఇది బుద్ధుడు చెప్పింది. మన ఫణిగిరి గుట్ట మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉండేవారు. 1956లో బాబాసాహెబ్ అంబేద్కర్ స్వీకరించిందీ ఆ బుద్ధుని ధమ్మాన్నే. పిరమిడ్ శక్తి మాట మాత్రం బుద్ధుడిది కాదు, యూరప్ నుంచి వచ్చింది. పిరమిడ్ కింద పెడితే గడ్డం బ్లేడు పదును నిలుస్తుందంటూ చెకోస్లొవేకియాలో ఒకాయన 1959లో పేటెంటు కూడా పొందాడు. పరీక్షించి చూసిన వాళ్ళకు ఆ శక్తి కనబడలేదు.

పరీక్షల ముందు పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చుంటే గుండె దడ తగ్గుతుంది. అందులో తప్పేమీ లేదు, పైసా ఖర్చూ లేదు. రేకీతోనూ మనసు కొంత తేలికపడవచ్చు. కానీ టీబీ వచ్చినవాడు నెలల తరబడి మాత్రలు మింగవలసిందే, నడుమ ఆపితే రోగం మొండికేస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఎముకలు వంగిపోయింది నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల. ఆ నీళ్ళను పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి నల్గొండ జిల్లా పేరుతోనే ‘నల్గొండ టెక్నిక్’ అంటారు. తర్వాత కృష్ణా నీళ్ళు వచ్చాయి, కొత్తగా కాళ్ళు వంకరపోయే పిల్లలు తగ్గారు.

కాబట్టి తమ్ముళ్ళూ, జ్వరం మూడో రోజుకు కూడా తగ్గకపోతే ముందు వార్డెన్ సారుకు చెప్పి పీహెచ్‌సీకి పోండి. ధ్యానం వచ్చినాక కూడా చేసుకోవచ్చు.