యాస మారితే పోజేనా?

రాజమండ్రిలో ఉండే మా పిన్ని కూతురు ఫోన్ చేసిన ప్రతిసారీ ఒక చురక అంటిస్తుంది. "ఏంటక్కా, తెలుగు కూడా ఇంగ్లీషులా మాట్లాడుతున్నావ్? మరీ అంత పోజా!" అని. బయటి దేశాల్లో ఉన్న మన ఆడవాళ్ళలో ఈ మాట పడనివాళ్ళు తక్కువేమో. అదేం విచిత్రమో, మావారిని మాత్రం ఎవరూ అనరు!

నేను చదివింది బీఎస్సీ. వంటింట్లో ఉన్నా దేనికైనా కారణం వెతికే అలవాటు పోలేదు. అలా వెతుకుతుంటే, తాన్యా చార్‌ట్రాండ్, జాన్ బార్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1999లో ప్రచురించిన ప్రయోగం ఒకటి కనిపించింది. ఇద్దర్ని కూర్చోబెట్టి, కొన్ని ఫొటోలిచ్చి, వాటిలో ఏముందో చెప్పుకోమన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు పరిశోధకుల తరఫు మనిషి. ఆ మనిషి మాటల మధ్యలో ముఖం రుద్దుకుంటే రెండోవాళ్ళూ ముఖం రుద్దుకోవడం ఎక్కువైంది. కాలు ఊపితే కాలు ఊపడం ఎక్కువైంది. తర్వాత అడిగితే ఆ సంగతే వాళ్ళకి తెలియదు! దీనికి వాళ్ళు 'ఊసరవెల్లి ప్రభావం' అని పేరు పెట్టారు. (మనకి ఊసరవెల్లి అంటే తిట్టు. ఇక్కడ కాదు.) ఇంకో ప్రయోగంలో ఆ తరఫు మనిషే ఎదుటివాళ్ళు కూర్చునే తీరునీ, కదలికల్నీ అనుకరిస్తే, వాళ్ళకి ఆ మనిషి ఇంకాస్త నచ్చింది.

మాటదీ ఇదే దారి. మనం దగ్గర కావాలనుకునే వాళ్ళ ఉచ్చారణ వైపు మన ఉచ్చారణ జరుగుతుందని హోవర్డ్ గైల్స్ 1970లలోనే చెప్పారు. మా పక్కింటావిడది కరీంనగర్. ఆవిడతో అరగంట కూర్చుని వచ్చానంటే ఆ పూట కూర "మస్తుగుంది" అంటాను. అమ్మతో ఫోన్లో పది నిమిషాలు దాటితే "ఆయ్" వచ్చేస్తుంది. మరి రోజంతా స్కూలు దగ్గరా, షాపుల్లోనూ ఇక్కడివాళ్ళతో మాట్లాడే నోరు మారకుండా ఎలా ఉంటుంది? కావాలని యాస పెట్టుకునేవాళ్ళు లేరని కాదు. ఉన్నారు, రెండు వాక్యాల్లో దొరికిపోతారు కూడా.

నాకు అసలు బెంగ మా పాప గురించి. ఏడేళ్ళు. తెలుగులో చెప్పమంటే మొహం చిట్లిస్తుంది. ఆదివారం క్లాసులో 'అ, ఆ'లు దిద్దుతుంది గానీ ఇంటికొస్తే ఇంగ్లీషే. అయితే పోయినేడాది మా అమ్మ వచ్చి ఐదు నెలలు ఉంది. పాపకి ఒక్క పాఠమూ చెప్పలేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, టీవీ చూస్తూ, తన ధోరణిలో తను మాట్లాడేది. పాప పక్కన చేరి అవే కాయలు అలాగే తుంచేది. రెండో నెలకల్లా సోఫాలోంచి లేస్తూ "అమ్మయ్య" అనడం, గిన్నె జారితే నడుం మీద చెయ్యేసుకుని "హవ్వ" అనడం మొదలైంది. మేమెవరం నేర్పలేదు.

అప్పట్నుంచి "తెలుగులో చెప్పు" అని దాని వెంటపడటం మానేశాను. పని చేసుకుంటూ దాని పక్కన నేనే తెలుగులో వాగుతుంటాను. మొన్న అమ్మ ఫోన్లో "అన్నం తిన్నావా?" అని అడిగితే, బొమ్మ మీంచి తల ఎత్తకుండానే "ఆయ్, తిన్నాను" అంది.