మన అవ్వాతాతలకు మన మాట తెలిసిన ఇల్లు

హోసూరు, కృష్ణగిరి పక్క మన ఇళ్లలో చాలాచోట్ల పెద్దవాళ్లే మిగిలారు. పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటున్నారు. మతిమరుపు జబ్బు ముదిరినప్పుడు, తర్వాత నేర్చిన భాష ముందు జారిపోవడం తరచూ చూస్తుంటాం. జీవితమంతా బజారులో తమిళం మాట్లాడిన అవ్వ కూడా చివరికి "దప్పి" అనే అడుగుతుంది. ఆ మాట తెలియని ఆయాకు అవ్వ ఊరికే సతాయిస్తున్నట్టు ఉంటుంది.

అందుకే నాలుగైదు కుటుంబాలు కలిసి, తెలుగు తెలిసిన మనుషులతో చిన్న ఇల్లు నడపడం మంచిదంటాం. అయితే ముందు లెక్క చూసుకోవాలి. వారానికి 168 గంటలు, ఒక మనిషి పని 48 గంటలు. రాత్రింబవళ్లు ఒక్కరు దగ్గరుండాలన్నా నలుగురిని పెట్టుకోవాలి. ఆ జీతాలు ఒక్క ఇంటికి మోయలేని బరువు, ఐదారుగురు పెద్దలుంటే పంచుకోవచ్చు. వంటమనిషి ఖర్చు వేరే. ఆమెకు సంగటి కెలకడం రావాలి మరి!

ఇల్లు కింది అంతస్తులోనే చూడండి. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీలు, చక్రాల కుర్చీ దూరేంత వాకిలి తప్పనిసరి. ఇతరుల పెద్దలను చేర్చుకుంటున్నారు కాబట్టి, నమోదు సంగతి జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయంలో ముందే అడగండి.

ఇంకొకటి. పెద్దలను అక్కడ చేర్చినంత మాత్రాన పిల్లల బాధ్యత తీరదు. చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే 2007 చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. పెద్దల సహాయవాణి నంబరు 14567.