ఇంటికి తగిన బీమా

కూడు, గుడ్డ, గూడు మానవుని ప్రాథమిక అవసరాలు. వీటిలో గూడు సమకూర్చుకోవడం మిగిలినవాటికంటె కష్టం. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెత ఆ కష్టాన్నే తెలుపుతుంది. మధ్యతరగతి కుటుంబం సొంత ఇంటికోసం జీవితకాలపు సంపాదనలో అధికభాగాన్ని వెచ్చిస్తుంది. అయితే కట్టుకోవడంలో చూపిన శ్రద్ధ కట్టుకొన్న ఇంటిని కాపాడుకోవడంలో చాలామంది చూపరు.

మన పూర్వులు 'యోగక్షేమం' అనే మాట వాడారు. లేనిదానిని పొందడం యోగం. పొందినదానిని రక్షించుకోవడం క్షేమం. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో దైవికమైన మహాభయాలు ఎనిమిదింటిని పేర్కొంటూ మొదట అగ్నిని, తరువాత జలాన్ని చెప్పాడు. వేసవిలో ఇంటి వెలుపల వంట చేసుకోవాలని, వానకాలంలో వరద వచ్చే తీరాన్ని విడిచి నివసించాలని సూచించాడు. ఇట్టి జాగ్రత్తలు నష్టాన్ని తగ్గిస్తాయే కాని పూర్తిగా తొలగించలేవు. మిగిలిన నష్టాన్ని పదిమందీ పంచుకొనే ఏర్పాటే బీమా. 'భయం' అని అర్థమిచ్చే పారశీక పదం 'బీమ్' ఈ మాటకు మూలం. ఒకే విధమైన ప్రమాదభయం గల వేలాదిమంది కొద్దికొద్దిగా ప్రీమియం చెల్లిస్తారు. వారిలో నష్టపోయిన కొందరిని ఆ నిధి ఆదుకొంటుంది.

తెలుగువారికి ఈ భయం కొత్తది కాదు. 1977 నవంబరులో ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. 2009 అక్టోబరులో కర్నూలు నగరం వరదపాలయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మొదలైన ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో నిలిచాయి. ప్రతి సందర్భంలోనూ ప్రభుత్వ సహాయం అందుతుంది. కాని అది తక్షణ ఉపశమనానికి ఉద్దేశించినదే. పోయిన ఇంటిని తిరిగి కట్టుకొనేందుకు చాలదు.

"మా ఇంటికి బీమా ఉన్నది" అని కొందరు నిశ్చింతగా ఉంటారు. అయితే, అది చాలినంత ఉన్నదా అన్నది అసలు ప్రశ్న. ఇంటిరుణం తీసుకొన్నప్పుడు చేయించిన బీమా అప్పటి రుణం మేరకే ఉండవచ్చు. మరికొందరు ఇల్లు అమ్మితే వచ్చే ధరకు బీమా చేయించాలనుకొంటారు. ఆ ధరలో స్థలం విలువ కూడ కలిసి ఉంటుంది. స్థలం అగ్నికి కాలిపోదు. కాబట్టి దానికి బీమా అవసరం లేదు. ఇల్లు నేలమట్టమైతే అదే ఇంటిని నేటి ధరలకు తిరిగి కట్టడానికి ఎంత ఖర్చవుతుందో, అంత మొత్తానికి బీమా ఉండాలి. దీనినే పునర్నిర్మాణ వ్యయం అంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 1,000 చదరపు అడుగుల ఇల్లు కట్టిననాడు చదరపు అడుగుకు 1,000 రూపాయలు ఖర్చయింది. యజమాని 10 లక్షలకు బీమా చేయించి, ఏటా అంతే మొత్తానికి కొనసాగిస్తున్నాడు. ఈలోగా నిర్మాణ వ్యయం రెట్టింపయింది. ఇప్పుడా ఇంటిని కట్టడానికి 20 లక్షలు కావాలి. అంటే బీమా సగమే ఉన్నది. అగ్నిప్రమాదంలో 4 లక్షల నష్టం జరిగిందనుకొందాం. 'సరాసరి నిబంధన' గల పాలసీలో బీమా ఏ నిష్పత్తిలో ఉన్నదో, పరిహారమూ ఆ నిష్పత్తిలోనే వస్తుంది. 4 లక్షలకు 2 లక్షలే చేతికి అందుతాయి.

ఈ ఇబ్బందిని గుర్తించి, హైదరాబాదు కేంద్రంగా గల బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2021 ఏప్రిల్ 1 నుండి 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీని ప్రవేశపెట్టింది. ఇందులో సరాసరి నిబంధన వర్తించదు. పై ఉదాహరణలో 4 లక్షల నష్టానికీ పరిహారం పొందే వీలుంటుంది. కాని ఇల్లంతా కూలిపోతే 10 లక్షలకు మించి రాదు. తక్కిన 10 లక్షలు ఆ కుటుంబమే భరించాలి. ఏడాదికి మించిన పాలసీలలో భవనం బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున పెరుగుతుంది. ఏడాది పాలసీ గలవారు పునరుద్ధరించే ప్రతిసారీ తామే లెక్క సరిచూసుకోవాలి.

వరదలో గోడలు నిలిచినా, టీవీ, ఫ్రిజ్, మంచాలు, బట్టలు పాడవుతాయి. ఈ పాలసీలో భవనానికి బీమా చేయిస్తే, ఆ మొత్తంలో 20 శాతం మేరకు, గరిష్ఠంగా 10 లక్షల వరకు, సాధారణ గృహోపకరణాలకూ రక్షణ లభిస్తుంది. అంతకుమించి కావాలంటే సామగ్రి విలువను ప్రత్యేకంగా తెలపాలి. బంగారు నగలకు విడిగా రక్షణ కోరాలి. నగదు నష్టానికి పరిహారం ఉండదు. ప్రమాదం జరిగిన 7 రోజులలోగా దాని కారణంగా జరిగే దొంగతనానికి మాత్రమే రక్షణ ఉన్నది. మామూలు దొంగతనాలకు వేరే పాలసీ అవసరం. ఇల్లు పాతబడి క్రమంగా శిథిలమైతే బీమా వర్తించదు. అద్దె ఇంట్లో ఉండేవారు తమ సామగ్రికి మాత్రమే బీమా చేయించుకోవచ్చు.

విద్యార్థులారా! మీ ఇంట్లో బీమా పత్రం ఉంటే పెద్దలతో కలిసి ఒకసారి చదవండి. భవనానికి ఎంత, సామగ్రికి ఎంత అన్నది వేర్వేరుగా చూడండి. గడువు ఎన్నడు ముగుస్తుందో గుర్తించండి. మీ ఊరి మేస్త్రీని అడిగి నేటి నిర్మాణ వ్యయాన్ని తెలుసుకొని, ఇంటి వైశాల్యంతో గుణించండి. ఆ తరువాత కట్టిన గదినో, మేడనో లెక్కలో చేర్చడం మరువకండి. ప్రతి గదికీ ఛాయాచిత్రాలు తీసి, వస్తువుల రసీదుల నకళ్ళతోపాటు ఇంటి వెలుపల మరొకచోట భద్రపరచండి. ప్రమాదానంతరం సర్వేయరు వచ్చినప్పుడు అవే మీకు సాక్ష్యాలు.

ఇంతా చేసి, ఇది ఒక గుణకారం, ఒక పోలిక మాత్రమే. వాటికి పట్టేది ఒక సాయంకాలం. ఒక జీవితకాలపు కష్టాన్ని కాపాడుకొనేందుకు ఆపాటి సమయం వెచ్చించలేమా?