ఇంటి మాట - బడి మాట

బిడ్డకు తల్లియే తొలి గురువని తఱచు వినుచుందుము. ఆ బిడ్డ చేతిలోని పుస్తకము తల్లికి తెలియని భాషలో నున్నచో నా గురుత్వ మేమగును?

అచ్చంపేటలో సాయంకాలమున మా యరుగుమీద చదువుకొనుటకు వచ్చు బాలికలలో నాలుగవ తరగతి పిల్ల యొకతె కలదు. తల్లితో గూడ బజారులో సీతాఫలము లమ్మును. పండ్రెండు పండ్లలో నైదు అమ్ముడుపోయిన నేడు మిగులునని వ్రేళ్లు మడువకయే చెప్పును. ఒకనాడు మే మదే లెక్కను ఆంగ్లమున వ్రాసి యిచ్చితిమి. తడబడక చదివి, మా మొగము వంక జూచి యూరకుండెను. ఆమెకు రానిది లెక్క కాదు, ప్రశ్న.

ఈ చిక్కు మన సీమకు క్రొత్త కాదు. నిజాము పాలనలో నుర్దూ రాజభాష. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు నా భాషలోనే సాగెను. అట్టి దినములలో మాడపాటి హనుమంతరావుగారు 1928లో హైదరాబాదు నారాయణగూడలో తెలుగున బోధించు బాలికల పాఠశాలను నెలకొల్పిరి.

2009 నాటి విద్యాహక్కు చట్టము సాధ్యమైనంతవఱకు మాతృభాషయందే బోధింపుమనుచున్నది. 2018 నాటి తెలంగాణ శాసనము పదవ తరగతి వఱకు తెలుగును తప్పనిసరి పాఠ్యాంశము గావించెను. 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి వఱకు ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టిరి. బిడ్డలకు ఆంగ్లము రావలెనని పేద తల్లులు కోరుట తప్పు కాదు. కొలువులకు దారి యదియని వారెఱుగుదురు. అయినను ఒక భాషలో చదివి గ్రహించు నేర్పు కుదిరిన పిదప రెండవది సులభమగును. ఆ నేర్పు కుదురకమున్నే భాష మార్చినచో పిల్లకు ధ్వని మిగులును, అర్థము మిగులదు. మన చుట్టుపట్ల తండాలలోని లంబాడీ బిడ్డలకు తెలుగే రెండవ భాష. వారి కష్టము మఱింత హెచ్చు.

అట్లని చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. ఆంగ్లమాధ్యమముతో పాటు వచ్చిన పుస్తకములలో ఒక పుటయందు తెలుగును, ఎదుటి పుటయందు ఆంగ్లమును ముద్రించిరి. ముందు తెలుగు పుటను చదివింపుడు. పుస్తకము మూసి, చదివినది సొంత మాటలలో చెప్పింపుడు. అటుపిమ్మటనే ఎదుటి పుటకు పొండు. చదువురాని తల్లియు "ఏమి చదివితివి, నాకు చెప్పుము" అని అడుగవచ్చును. లంబాడీ తల్లి తన భాషలోనే అడుగవచ్చును.

మా యరుగుమీది పిల్ల తెలుగు పుట చూచిన పిదప ఆంగ్లపు లెక్క తానే చేసినది. పొయ్యి యొద్ద కూర్చుండి మన మడుగు నా యొక్క ప్రశ్నయే బిడ్డ చదువునకు పునాది.