పసిబిడ్డకు పుట్టగొడుగులు పెట్టవచ్చునా?

వానలు మొదలైతే మన ముత్తంగి చుట్టుపక్కల పొలం గట్లమీద, చెదపుట్టలమీద, పెంటకుప్పల దగ్గర తెల్లని గొడుగులు లేస్తాయి. ఉరుములు ఉరిమిన మరునాడు పెద్దవాళ్ళు గంపలు పట్టుకొని వెళ్ళి వాటిని ఏరి తెచ్చేవారు. ఆ కూర రుచి తిన్నవారు మరువలేరు.

ఈ మధ్య ఒక చెల్లెలు నన్ను ఇలా అడిగింది: "అయ్యగారూ, మా బాబుకు పది నెలలు నిండినవి. మా అత్తమ్మ చేనుకాడి నుంచి పుట్టగొడుగులు తెచ్చింది. మెత్తగా వండి కొంచెం పెట్టమంటున్నది. పెట్టవచ్చునా?" ఈ సందేహం చాలామంది తల్లులకు ఉన్నది గనుక ఇక్కడ వివరముగా వ్రాస్తున్నాను.

పుట్టగొడుగులు బిడ్డకు పెట్టవచ్చును. కాని చేనులో ఏరినవి మాత్రం ఎన్నడూ పెట్టరాదు.

దీనికి రెండు కారణములున్నవి. మొదటిది విషము. మంచివాటినీ విషపు వాటినీ చూపుతో వేరుచేయడం చదువుకున్నవారికే కష్టము. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదని, ఉల్లిగడ్డ వేస్తే తెలుస్తుందని, పురుగు తిన్నది మనమూ తినవచ్చునని పెద్దలు చెప్తారు. ఈ పరీక్షలలో ఒక్కటీ నిజము కాదు. కొన్నింటి విషము ఎంత ఉడికించినా పోదు. పెద్దవారు తట్టుకొనే కొద్దిపాటి ముక్క పదికిలోల బిడ్డకు ప్రాణాంతకము కావచ్చును.

రెండవది మన నేల. 1970ల నుండి పటాన్‌చెరు ప్రాంతములో పరిశ్రమలు పెరిగినవి. వాటి వ్యర్థజలాలు నక్కవాగులో కలిసినవి. ఈ కాలుష్యముపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. పుట్టగొడుగు తాను మొలిచిన నేలలోని కాడ్మియం, పాదరసం వంటి లోహాలను పీల్చుకొని తనలో దాచుకొంటుంది. కాబట్టి మన వాగుల పక్కన మొలిచినది మంచి జాతిదే అయినా పిల్లలకు తగదు.

ఇక సాగుచేసినవి. గదులలో పెంచే బటన్ పుట్టగొడుగులు, ముత్యపుచిప్ప పుట్టగొడుగులు, పాల పుట్టగొడుగులు నమ్మకమైన దుకాణములో కొనవచ్చును. తాజా బటన్ పుట్టగొడుగులు 100 గ్రాములలో సుమారు 90 గ్రాములు నీరే. మాంసకృత్తులు 3 గ్రాములకు పైగా ఉంటాయి. బి విటమిన్లు, పొటాషియం కూడా లభిస్తాయి. వండేముందు ముక్కలను అరగంట మధ్యాహ్నపు ఎండలో ఉంచితే విటమిన్ డి పెరుగుతుంది. అయినా ఇవి గుడ్డుకు, పప్పుకు, పాలకు బదులు కావు. ఒక్క కోడిగుడ్డులోనే 6 గ్రాముల మాంసకృత్తులున్నవి.

ఆరు నెలలు నిండిన తరువాత జావ, మెత్తన్నం, పప్పు, కూరగాయలు అలవాటు చేయండి. పుట్టగొడుగులకు తొందరలేదు. వాటి గోడలు గట్టివి, పసికడుపుకు సులభముగా అరగవు. ఏడాది నిండిన తరువాత మొదలుపెట్టడం మేలు.

పొట్లం కొనేటప్పుడు గట్టిగా, తెల్లగా ఉన్నవి చూడండి. జిగురుగా ఉన్నా, వాసన వచ్చినా వద్దు. ఫ్రిజ్ లేని ఇంట్లో కొన్న రోజే వండవలెను. కడిగి, కాడ చివర కోసి, సన్నగా తరిగి, పదిహేను నిమిషాలు బాగా ఉడికించి, పప్పన్నంలో మెత్తగా మెదపండి. పెద్ద ముక్కలు జారి గొంతుకు అడ్డుపడతాయి. కారము వేయవద్దు. పచ్చివి అసలే పెట్టవద్దు. మిగిలినది రాత్రికి దాచవద్దు.

మొదటిరోజు ఉదయము ఒక్క చిన్న చెంచా చాలును. ఉదయమే ఎందుకంటే, తేడా వస్తే పగటిపూట కనిపెట్టి ఆసుపత్రికి వెళ్ళవచ్చును. తరువాత మూడు రోజులు మరే కొత్త ఆహారమూ పెట్టక గమనించండి. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు కనబడితే ఆపి వైద్యుని కలవండి. ఊపిరి కష్టమైతే ఆలస్యము చేయక 108కి ఫోన్ చేయండి.

ఏరిన పుట్టగొడుగు పొరపాటున బిడ్డ తిన్నదని తెలిస్తే, లక్షణాల కోసం వేచి ఉండవద్దు. ప్రాణము తీసే కొన్నింటి విషము 6 నుండి 12 గంటల తరువాత గాని బయటపడదు. వాంతులు, విరేచనాలు వచ్చి తగ్గినట్లే అనిపిస్తుంది. ఆ సమయములోనే లోపల కాలేయము దెబ్బతింటుంది. ఉప్పునీళ్ళు తాగించి కక్కించవద్దు. మిగిలిన ముక్కను కాగితములో చుట్టి వెంట తీసికొని ఆసుపత్రికి పరుగెత్తండి.

ఆ చెల్లెలు ఇదంతా విని, "మరి అత్తమ్మకు ఎట్ల చెప్పాలె?" అన్నది. అత్తమ్మకు మనవడంటే ప్రాణము, ఆ ప్రేమతోనే గదా తెచ్చింది! "మీ కాలపు నేల వేరు, ఇప్పటి నేల వేరు, అత్తమ్మా" అని నెమ్మదిగా చెప్పండి. నొచ్చుకొనకుండా చెప్పిన మాట పెద్దలు వింటారు. బాబు ఏడాది నిండిన తరువాత ఆ మొదటి చెంచా ఆమె చేతనే పెట్టించండి.