మీకు తెలుసా? పాత స్పీకర్‌కు ఏ డయాఫ్రమ్?
ఫాల్గుణంలో ధర్మపురి నరసింహస్వామి ఉత్సవాల్లో మోగే మైకు గొట్టంలోనూ, పాత రికార్డింగ్ స్టూడియో మానిటర్ స్పీకర్‌లోనూ గాలిని కదిలించేది పల్చటి డయాఫ్రమే. అది చిట్లితే ఖరీదైనది కాదు, అసలుదానికి సరిపోయేదే ఎంచుకోవాలి. 1970ల జేబీఎల్ 4333 మానిటర్‌లో శబ్దం పుట్టించే 2420 డ్రైవర్‌ది 16 ఓమ్‌ల అల్యూమినియం డయాఫ్రమ్. డ్రైవర్‌కు ముందు ఒక్క కెపాసిటరే ఉన్న సర్క్యూట్‌లో 16కు బదులు 8 ఓమ్‌లది బిగిస్తే ఆ డ్రైవర్ మోగడం మొదలయ్యే క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ దాదాపు రెట్టింపవుతుంది. మధ్యలోని స్వరాలు నీరసపడతాయి. అల్యూమినియం కంటే టైటానియం డయాఫ్రమ్ ఎక్కువ మన్నుతుంది కదా అంటారు. నిజమే, గంటల తరబడి హోరెత్తే గొట్టానికి మన్నికే ప్రధానం. మానిటర్ పని వేరు: ఉన్న శబ్దాన్ని ఉన్నట్టు వినిపించాలి. లోహం మారితే పై స్థాయుల్లో మోత తీరు మారుతుంది. అందుకే డ్రైవర్ మోడల్, ఓమ్‌లు సరిచూసి, కుడి ఎడమలకు ఒకే రకం వేయించండి.