మీకు తెలుసా? బీరుకు చేప తిత్తి, బెల్లానికి బెండ జిగురు!

సీసాలో బీరు బంగారు రంగులో మెరవాలన్నా, కామారెడ్డి వైపు బట్టీల్లో బెల్లం పచ్చగా దిగాలన్నా, వానాకాలం బీబీపేట చెరువు నీళ్లు కుండలో తేరుకోవాలన్నా చేసే పని ఒక్కటే. కంటికి ఆనీ ఆనని నలుసుల్ని ఒకచోటికి చేర్చి ముద్ద కట్టించాలి. ఆ ముద్ద బరువైతే అడుక్కి దిగుతుంది, తేలికైతే పైకి తేలుతుంది. అందుకోసం మనిషి వాడని వస్తువు లేదు.

బీరులో చేప పని
బీరును పులియబెట్టే ఈస్టు కణాలు పని ముగిశాక కూడా చాలాసేపు తేలుతూనే ఉంటాయి. వాటి ఒంటి మీద రుణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, దగ్గరికి చేరవు. చేప కడుపులోని గాలితిత్తిని ఎండబెట్టి తీసిన ఐసింగ్లాస్ అనే పదార్థానికి బీరులో ధనావేశం ఉంటుంది. అది పడగానే ఈస్టు దానికి అతుక్కుని గుంపుగా అడుక్కి దిగిపోతుంది. ఐర్లండుకు చెందిన గిన్నిస్ కంపెనీ ఎన్నో ఏళ్లు దీన్నే వాడింది. శాకాహారుల అభ్యంతరాలతో వాడకం మానేస్తామని 2015లో ప్రకటించింది.

గోదావరి వలలో కచిడి
అంతర్వేది, కాకినాడ వైపు మత్స్యకారుల వలలో పెద్ద కచిడి చేప పడితే అది పేపరు వార్తే. ఒక్క చేప లక్ష దాటి పలికిన సందర్భాలున్నాయి. ఆ ధర మాంసానికి కాదు, కడుపులోని తిత్తికి. విదేశాల్లో వంటకూ మందులకూ దానికి గిరాకీ ఎక్కువ. బీరు, వైన్ తేర్చే పదార్థం తీసేదీ ఇలాంటి చేప తిత్తుల నుంచే. ఇదే చేపను ఘోల్ అని పిలుచుకునే గుజరాత్ 2023లో దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది.

నాచుది మరో దారి
ఈస్టుతోనే అయిపోదు. బార్లీ నుంచి వచ్చే ప్రోటీన్లూ బీరును మసకబారుస్తాయి. వీటికి చేప తిత్తి కన్నా ఐరిష్ మాస్ అనే ఎర్రటి సముద్రపు నాచు బాగా పనిచేస్తుంది. బార్లీ రసం మరగడం ఇంకో పది, పదిహేను నిమిషాల్లో ఆపేస్తారనగా దీన్ని వేస్తారు. నాచులోని జిగురుది రుణావేశం, ప్రోటీన్లది ధనావేశం. రెండూ కలిసి తుంపులు తుంపులుగా విరిగి పడిపోతాయి. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడాన్ని అనుమతించే చట్టం 1978లో వచ్చింది. అక్కడి ఇళ్లలో జెలటిన్ వాడకం ఎక్కువ. మరగని వేడినీళ్లలో కరిగించి, బాగా చల్లబరచిన బీరులో పోసి ఒకట్రెండు రోజులు కదపకుండా ఉంచుతారు.

చల్లారితే వచ్చే మసక
గది వేడిలో తేటగా ఉన్న బీరు ఫ్రిజ్‌లో పెట్టగానే ఒక్కోసారి మసకబారినట్టు కనిపిస్తుంది. మళ్లీ వేడెక్కితే తేటపడుతుంది. ప్రోటీన్లూ, వగరునిచ్చే పాలీఫినాల్సూ చలికి చేతులు కలపడమే దీనికి కారణం. అది పాడైనట్టు కాదు. పెద్ద ఫ్యాక్టరీలు ఈ మసక రాకుండా బీరును డయాటమైట్ పొడి గుండా వడగడతాయి. ఒకనాటి నీళ్లలో బతికిన డయాటమ్ అనే సూక్ష్మ నాచు గాజు పెంకులే ఆ పొడి. జర్మనీ గోధుమ బీరును మాత్రం చాలావరకు మసకగానే ఉంచుతారు.

బెల్లం పెనంలో బెండ
చెరుకు రసంలో తీపితో పాటు మట్టి, పిప్పి నలుసులు, మైనం, ప్రోటీన్లు ఉంటాయి. వాటిని తీయకపోతే బెల్లం నల్లబడుతుంది, సరిగ్గా గట్టిపడదు. అందుకే బెండ కాడలు, వేర్లు దంచి నీళ్లలో నానబెడతారు. ఆ నీళ్లు చెయ్యి పెడితే తీగలు సాగేంత జిగురుగా తయారవుతాయి. రసం వేడెక్కుతుండగా ఆ జిగురు పోస్తే మురికంతా నల్లటి తెట్టెగా పైకి పొంగుతుంది. రసం కుతకుతా ఉడకడం మొదలయ్యేలోపు చిల్లుల గరిటెతో ఆ తెట్టె తీసెయ్యాలి. ఆలస్యమైతే మురికి మళ్లీ పాకంలో కలిసిపోతుంది. బెండ లేనిచోట బూరుగు, ఫాల్సా బెరడు జిగుర్లు, వేరుశనగ పాలు, ఆముదం గింజల పాలు కూడా వాడతారు.

సున్నం ఎక్కువైతే ముప్పే
చెరుకు రసానికి కాస్త పులుపుదనం ఉంటుంది. ఆ పులుపు చక్కెరను విరిచేస్తే బెల్లం మెత్తబడుతుంది. దానికి విరుగుడుగా సున్నపు తేట పోస్తారు. చెయ్యి జారి సున్నం ఎక్కువైందా, బెల్లం రంగు ముదురుతుంది. రంగు తెల్లగా, పచ్చగా రావాలని కొందరు హైడ్రోస్ అనే సోడియం హైడ్రోసల్ఫైట్ కలుపుతారు. అది మురికిని తీయదు, రంగును మాత్రమే చంపుతుంది. నిల్వ ఉంచితే ఆ మెరుపు పోయి మళ్లీ నల్లబడుతుంది, గంధకం జాడలు మాత్రం అందులోనే ఉంటాయి.

పాకంలో పాలెందుకు?
గులాబ్‌జామూన్ పాకం పట్టే మిఠాయివాళ్లు మరిగే చక్కెర నీళ్లలో గరిటెడు పాలు పోయడం చూసే ఉంటారు. అది రుచి కోసం కాదు. వేడికి పాలలోని ప్రోటీన్లు విరిగి, చక్కెరలోని మురికిని పట్టుకుని బూడిదరంగు నురగగా పైకి తేలతాయి. ఆ నురగ తీసేస్తే కింద అద్దం లాంటి పాకం మిగులుతుంది. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో ఎర్ర వైన్‌ను గుడ్డు తెల్లసొనతో తేర్చడం వెనక ఉన్నదీ ప్రోటీన్ల పనే.

చిల్లగింజ అరగదీస్తే
ఫిల్టర్లు లేని రోజుల్లో కుండ లోపలి గోడకు చిల్లగింజను అరగదీసి, అందులో బురద నీళ్లు పోసేవాళ్లు. కాసేపట్లో మట్టి అడుక్కి చేరేది. సుశ్రుత సంహిత ఈ గింజను కతకం పేరుతో నీటిని తేర్చే వస్తువుల్లో చేర్చింది. విషపు చెట్టయిన ముష్టికి ఇది దగ్గరి బంధువే కానీ, దీనికి ఆ విషం లేదు. మునగ గింజల పొడి కూడా అలాగే పనిచేస్తుంది. దానిలోని ధనావేశపు ప్రోటీన్లు మట్టి రేణువులను దగ్గరికి లాగుతాయి. సూడాన్ పల్లెల్లో ఆడవాళ్లు నైలు నది నీటిని ఇలాగే తేర్చుకునేవారు. నీళ్లు ఎంత తేటపడినా సూక్ష్మజీవులన్నీ పోవు, కాచి తాగాల్సిందే.

కల్లును ఎవరూ తేర్చరు
లొట్టిలోంచి దిగిన తాటికల్లు, ఈతకల్లు తెల్లగా ఉండేది ఈస్టు, బాక్టీరియా అందులో బతికే ఉన్నాయి కాబట్టి. వాటిని తీసేస్తే అది కల్లే కాదు. పులియని నీరా కావాలనుకునే గీత కార్మికులు లొట్టి లోపల సున్నం పూస్తారు. ఆ సున్నం ఈస్టును ఎదగనివ్వదు. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కూడా ఆ తెల్లదనంలోనే దాక్కుంటాయి. చూపుతో కనిపెట్టలేం.

బెల్లం, పటిక జోడీ
పటిక ముక్కను బిందెలో నాలుగు తిప్పులు తిప్పితే మట్టి దిగిపోవడం మన ఇళ్లలో తెలిసిందే. నదీ జలాలను శుద్ధి చేసే కేంద్రాల్లో కూడా తొలి దశల్లో సాధారణంగా పటికే వాడతారు. దానిలోని అల్యూమినియం ధనావేశం మట్టి రుణావేశాన్ని అణచేస్తుంది. అదే పటిక తెలంగాణలో ఎక్సైజ్ పోలీసుల సోదాల్లో నల్లబెల్లంతో పాటు పట్టుబడుతుంటుంది. గుడుంబా అనే నాటుసారా కోసం పులియబెట్టే బెల్లం ఊటలో దాన్ని కలుపుతారు మరి. ఒకప్పుడు బెల్లానికి పేరుమోసిన కామారెడ్డి మార్కెట్ మీద గుడుంబా కారణంగా ఆంక్షలు పడ్డాయి. నిజాయతీగా వండుకునే చెరుకు రైతుకూ అవి తగిలాయి.

ఇంట్లో బీరయినా సారా అయినా లైసెన్సు లేకుండా కాయడం తెలంగాణలో నేరం. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. చూపు పోగొట్టి ప్రాణం తీసే మిథనాల్ నీళ్లలాగే స్వచ్ఛంగా కనిపిస్తుంది, పటికా చేప తిత్తీ దాన్ని ఏమీ చేయలేవు. తేటగా ఉన్నదల్లా మంచిదని నమ్మకండి. ఈసారి బెల్లం కొనేటప్పుడు, హైడ్రోస్ కలిసి ఉండొచ్చు కాబట్టి, మరీ మెరిసే పచ్చదాన్ని పక్కనపెట్టి, కాస్త ముదురు రంగుదే అడిగి తీసుకోండి.